కూలి ఆగినవాళ్ల కోసం ఆదివారం ప్రార్థన చేస్తే అది రాజకీయమా?

గాజువాక_యూత్:
అందరికీ వందనాలు. మా చర్చి సంఘంలో కాంట్రాక్టు పని పోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మొన్న ప్రార్థన అంశాల్లో "ఆపిన కూలి చేతికి రావాలి, తీసేసినవాళ్లను మళ్లీ పనిలోకి తీసుకోవాలి" అని రాసిచ్చాం. అయ్యగారు చదివారు. ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్ద మమ్మల్ని పక్కకు పిలిచి, "రోగుల కోసం చేయండి, పరీక్షల కోసం చేయండి. ఇది మందిరం, యూనియన్ ఆఫీసు కాదు" అన్నారు. బిగబట్టిన కూలి దేవుడికి మొరపెడుతుందని యాకోబు 5:4లో ఉంది. కూలే మొరపెట్టగా లేనిది మేం పెడితే తప్పా?

మర్రిపాలెం_వాక్యధ్యాని:
తప్పని కాదు తమ్ముడూ. నాలుగో వచనం దగ్గర ఆగకుండా ఏడో వచనం కూడా చదువు. ప్రభువు రాకడ వరకు ఓపికపట్టమని ఉంది, ధర్నా చేయమని లేదు. విమోచన అంటే పాపం నుంచి విమోచన. బీదల్ని అణచివేత నుంచి విడిపించడమే సువార్త అనే ఈ విమోచన వేదాంతం లాటిన్ అమెరికా సరుకు, మార్క్సు మెడలో సిలువ వేశారంతే. 1984లో వాటికన్ వాళ్లే దాన్ని తప్పుపట్టారు. అసలు పౌలు ఏం చేశాడు? ఒనేసిము అనే బానిసను యజమాని ఫిలేమోను దగ్గరికే తిరిగి పంపాడు. సమ్మె చేయించలేదు.

జ్ఞానాపురం_సిస్టర్:
వాటికన్ మాట మీరే ఎత్తారు, నేను కాథలిక్‌ని, అది మా ఇంటి సంగతి కాబట్టి సగంలో వదలను. 1968లో కొలంబియాలోని మెడెలిన్‌లో లాటిన్ అమెరికా బిషప్పులు కూర్చుని, ఈ బీదరికం దేవుడు పెట్టింది కాదు, మనుషులు కట్టిన ఏర్పాటులోనే పాపం ఉంది అన్నారు. 1971లో పెరూ ఫాదర్ గుస్తావో గుటియెరెస్ దాన్ని పుస్తకంగా రాశారు. ఆయన పుస్తకాల మధ్య కూర్చున్న మనిషి కాదు, లీమాలో పేదల పేట చర్చిలో ఫాదర్‌గా పనిచేసినవారు. 1984 పత్రం మార్క్సు విశ్లేషణను గుడ్డిగా తీసుకోవద్దంది. బీదల పక్షాన నిలబడొద్దని అనలేదు. 1986లో రెండో పత్రం కూడా వచ్చింది, దాని సంగతి ఎవరూ ఎత్తరు! ఎల్ సాల్వడార్‌లో ఆర్చిబిషప్ రొమేరో సైనికులతో "అణచివేత ఆపండి" అని ప్రసంగంలో చెప్పిన మర్నాడు, 1980 మార్చి 24న, పూజ చేస్తుండగా కాల్చి చంపారు. 2018లో అదే వాటికన్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది.

మర్రిపాలెం_వాక్యధ్యాని:
ఆ తర్వాత ఆ దేశంలో 1992 దాకా అంతర్యుద్ధం. మందిరంలోకి రాజకీయం వస్తే జరిగేది అదే. ఒనేసిము సంగతికి జవాబు రాలేదు.

జ్ఞానాపురం_సిస్టర్:
యుద్ధం ప్రసంగం వల్ల వచ్చిందా బ్రదర్? భూములన్నీ కొద్ది కుటుంబాల చేతిలో ఉంటే వచ్చింది.

గాజువాక_యూత్:
ఒనేసిము జవాబు నేను చెప్తాను అంకుల్. ఇకమీదట దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకోమని ఫిలేమోను పత్రిక 16వ వచనం. నష్టం ఏదైనా ఉంటే నా లెక్కలో వేయమని 18వ వచనం. పైగా తప్పించుకు వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించొద్దని ద్వితీయోపదేశకాండం 23:15.

మర్రిపాలెం_వాక్యధ్యాని:
23:15 పౌలుకి తెలియదంటావా? ధర్మశాస్త్రం నీకన్నా ఎక్కువ చదివాడు. తెలిసీ పంపాడు. ఎందుకు పంపాడో అది చెప్పు.

భీమిలి_వలస:
పంపినోడు రోములో, అందుకోవాల్సినోడు కొలొస్సయిలో. మీ ఇద్దరి మధ్య ఆ మనిషి ఇంకా దారిలోనే ఉన్నాడు.

గోపాలపట్నం_నర్స్:
ఓపిక గురించి ఒక మాట. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. మా అత్తవాళ్లు ఆ తెల్లవారుజామున పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారు. లాక్‌డౌన్ సడలాక మా సంఘానికి వెళ్తే "దేవుని చిత్తం, ఆయన కార్యాలు మనకి అర్థం కావు" అని పాట ఎత్తుకున్నారు. నాకు బాగానే అర్థమయ్యింది. స్టైరీన్ ట్యాంకు చల్లగా ఉంచాలి, ఉంచలేదు. అది దేవుడి మీదకి తోసేస్తే ఊరుకోవాలా? ఆ రోజు నుంచి ఆ సంఘానికి నేను వెళ్లలేదు.

మర్రిపాలెం_వాక్యధ్యాని:
ఆ మాట ఎవరన్నా తప్పే సిస్టర్. కానీ మనం మాట్లాడుతున్నది వేరే.

గాజువాక_యూత్:
వేరే కాదు అంకుల్, అదే. నెల నెలా పెన్షన్ పడే పెద్దలకి ఓపిక సులువు. ఇంటద్దె అడిగేవాడు ప్రభువు రాకడ దాకా ఆగడు.

మర్రిపాలెం_వాక్యధ్యాని:
పెన్షనా? నీకెవరు చెప్పారు? ఎత్తావు కాబట్టి విను. మాది మాలపేట. నేను, మా తమ్ముడు ఒకే రోజు, ఒకే చెరువులో బాప్తిస్మం తీసుకున్నాం. కాగితాల దగ్గర నేను నిజం రాశాను, ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకి ఇచ్చే బీసీ-సీ వచ్చింది. వాడు హిందువునని రాసి ఎస్సీ సర్టిఫికెట్ ఉంచుకున్నాడు. వాడు ఆఫీసరయ్యాడు. నేను ఒక ప్రైవేటు గోడౌన్లో లెక్కలు రాసుకుంటూ ముసలివాణ్ణయ్యాను. మనుషుల ముందు నన్ను ఒప్పుకోనివాణ్ణి నేనూ ఒప్పుకోనని ప్రభువు మత్తయి 10లో అన్నాడు. ఇప్పుడు మా తమ్ముడు సంఘంలో ముందు వరుస, బీదలు, న్యాయం అని మైకు పట్టుకుంటాడు. మీ విమోచన కూటముల్లో మైకు పట్టేవాళ్లలో కాగితం మీద క్రైస్తవులు ఎంతమందో లెక్క చెప్పండి. ఆ తర్వాత నాకు ఓపిక గురించి చెప్పండి.

ఎంవీపీ_విశ్వాసి:
క్రీస్తులో కులం లేదు. గలతీయులకు 3:28. మా సంఘంలో ఎవరిది ఏ కులమో కూడా తెలియదు.

గోపాలపట్నం_నర్స్:
మీ సంఘం పెళ్లి సంబంధాల వాట్సాప్ గ్రూపు చూడండి, తెలుస్తుంది.

జ్ఞానాపురం_సిస్టర్:
బ్రదర్, మీ బాధ చదివాను. కానీ కోపం మీ తమ్ముడి మీదే ఎందుకు? ఎస్సీల జాబితా ఉత్తర్వు 1950లో వచ్చింది. మూడో పేరాలో హిందువులు తప్ప వేరే మతంవాళ్లు ఎస్సీలు కారన్నారు. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మనల్ని చేర్చలేదు. మార్చమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది, మన అసెంబ్లీ 2023లో తీర్మానం చేసింది. ఈలోగా 2025లో మన హైకోర్టు, క్రైస్తవుడైన పాస్టరుకి అట్రాసిటీ చట్టం వర్తించదని చెప్పింది. బాప్తిస్మం తీసుకున్నాక ఊళ్లో ఎవరైనా మిమ్మల్ని వేరేగా చూశారా? పేట మారిందా? మీ తమ్ముడు అబద్ధం రాశాడు, సరే. నిజం రాసినవాడికి తిండి లేకుండా చేసింది ఎవరు? మీరు నష్టపోయింది క్రీస్తు వల్ల కాదు, మూడో పేరా వల్ల.

మర్రిపాలెం_వాక్యధ్యాని:
ఆ మాట అనొద్దు సిస్టర్. ఇన్నేళ్లూ అది ప్రభువు కోసం మోసిన సిలువ అనుకునే బతికాను. నా భార్యకీ అదే చెప్పాను, పిల్లలకీ అదే చెప్పాను. ఇప్పుడు మీరొచ్చి అది సిలువ కాదు, ఢిల్లీలో ఎవరో టైపు కొట్టిన పేరా అంటే ఇక నాకేం మిగులుతుంది?

భీమిలి_వలస:
ఇదా అసలు సంగతి. ఒనేసిము బతికిపోయాడు.

కంచరపాలెం_ఎస్సీ:
నేను హిందువుని, మాదిగ. చదువుతూ ఊరుకుందామనుకున్నాను. మీ పోరాటం బాగుంది గానీ, ఉన్న 15 శాతంలోకే మీరూ వస్తే మా పిల్లలకి ఏం మిగులుతుంది? మీకు మిషన్ స్కూళ్లున్నాయి, ఆస్పత్రులున్నాయి. బీసీ-సీలో 1 శాతం ఉంది. న్యాయం, ప్రేమ అంటున్నారు, మాతో ఒక్కసారైనా కూర్చుని మాట్లాడారా?

జ్ఞానాపురం_సిస్టర్:
మా వాటాతో పాటు కోటా పెంచమనే అడుగుతున్నాం అన్నయ్యా. మిషన్ స్కూళ్ల ఫీజులు మా పేటవాళ్లూ కట్టలేకపోతున్నారు. మీతో కూర్చోలేదన్నది మాత్రం నిజం.

కంచరపాలెం_ఎస్సీ:
పెంచాక రండి, అప్పుడు కూర్చుందాం.

గాజువాక_యూత్:
అంకుల్, పెన్షన్ మాట కోపంలో వచ్చింది. అయినా ఒకటి అడుగుతాను. మీరు నిజం రాయడం ప్రభువు కోసమే, దాన్ని ఎవరూ తీసుకోలేరు. దానికి మీకు పడిన జరిమానా కూడా ప్రభువే వేశాడంటారా? మీ మనవడికి కూడా అదే జరిమానా పడాలంటారా?

మర్రిపాలెం_వాక్యధ్యాని:
మనవడి సర్టిఫికెట్ కోసం మా అబ్బాయి తిరుగుతున్నాడు. ఏది రాయించాడో నేను అడగలేదు.

గాజువాక_యూత్:
వచ్చే ఆదివారం కూలి అంశం మళ్లీ ఇస్తున్నాం. 1950 ఉత్తర్వు వచ్చిన ఆగస్టు 10ని దళిత క్రైస్తవులు బ్లాక్ డేగా పాటిస్తారు కదా, దాని కోసం కూడా ప్రార్థన పెట్టాలని ఉంది.

మర్రిపాలెం_వాక్యధ్యాని:
కూలి సంగతి చదవండి, నేను అడ్డం రాను. పేర్లు కూడా చదవండి. కాగితాల సంగతి మాత్రం మందిరంలో ఎత్తకండి. మా తమ్ముడు అక్కడే కూర్చుంటాడు.

జ్ఞానాపురం_సిస్టర్:
ఆయన కూర్చునే చోటే ఎత్తాలి బ్రదర్. మీరిద్దరూ ఉన్నప్పుడే.