మాటలు రాని పిల్లాడికి బ్రెయిన్ స్కాన్ తీయించాలా?

అనంత అమ్మ:
మా వాడికి 26 నెలలు. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు. గిన్నె మూతలు బండల మీద గిరగిరా తిప్పుకుంటా గంటసేపు కూచుంటాడు. కుక్కర్ విజిల్ వేస్తే మాత్రం చెవులు మూసుకోని ఏడుస్తాడు. మా ఆడపడుచు ఎమ్మారై తీయిస్తే ఆటిజమో కాదో తేలిపోతాదంటాంది. మా అత్తేమో 'వాళ్ళ నాయిన కూడా నాలుగేళ్ళకు మాట్లాడినాడు, ఊరుకోండి' అంటాంది. ఎవరి మాట వినాల?

బురుజు కాడ:
తీయించక్కా. 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. పసిపిల్లల మెదడు స్కాన్లు చూసి ఆటిజం వస్తాదన్న పదిమందిలో ఎనిమిది మందికి నిజంగానే వచ్చింది.

కారం దోశ:
సగమే చెప్పినావన్నా. వాళ్ళంతా ఇంట్లో అప్పటికే ఆటిజం ఉన్న అన్నో అక్కో ఉన్న పిల్లలు, ఓ వంద మంది. 6 నెలల వయసులో ఒకసారి, ఏడాది వయసులో ఒకసారి స్కాన్ తీసి, ఆ మధ్యలో మెదడు ఎంత పెరిగిందో కంప్యూటర్‌తో లెక్కగట్టినారు. అక్క కొడుక్కి ఆ వయసే దాటిపోయింది. ఇక్కడ ఒక్క ఫిల్ము తీసి 'నార్మల్' అని రాసిస్తారు. మా అక్క కొడుక్కి అట్లే అయింది. మత్తిచ్చి తీసినారు. నార్మల్ అనంగానే ఇంటిల్లిపాదీ స్వీట్లు పంచినారు. వాడికి థెరపీ మొదలైంది మూడున్నరేళ్ళకు!

బురుజు కాడ:
అయితే స్కానే వద్దంటావా?

కారం దోశ:
మూర్ఛలున్నా, వచ్చిన నడక పోయినా డాక్టరే రాస్తాడు. అది వేరే జబ్బేమన్నా ఉందేమో వెతికేదానికి. ఆటిజం మాత్రం ఇప్పటికీ పిల్లాడి ఆట చూసి, అమ్మానాయినల్ని అడిగి చెప్పేదే. అక్కా, కాకి కనపడితే వేలెత్తి నీకు చూపిస్తాడా?

అనంత అమ్మ:
లేదు. నా చెయ్యి పట్టుకోని బిస్కెట్ డబ్బా మీద పెడతాడు.

కారం దోశ:
ఇదే డాక్టరుకు చెప్పక్కా. ముందు చెవులకు బెరా టెస్ట్, అంటే చప్పుడు వినపడుతుందో లేదో చూసే పరీక్ష చేయించు.

గుత్తి రోడ్డు:
టీకాలే కారణమప్పా. మా కాలంలో ఇవన్నీ యాడున్నాయి?

కారం దోశ:
ఆటిజం గురించి కానర్ అనే పిల్లల మానసిక డాక్టరు రాసింది 1943లో పెద్దాయనా, జనం తప్పుబట్టే ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా వచ్చింది 1971లో. టీకాను తప్పుబట్టి 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పేపర్ను ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

అనంత అమ్మ:
విజిల్‌కు ఏడుస్తాడంటే చెవులు బాగున్నట్టే కదా?

కారం దోశ:
పెద్ద చప్పుడు వినపడి మాటలు సరిగ్గా వినపడని పిల్లలుంటారక్కా. జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల లోపాలు తొందరగా చూసే సెంటరు, యాడుందో అడుగు, అక్కడ పిల్లలకు ఉచితం.

అనంత అమ్మ:
సోమవారం పోతాం. అత్తకు టీకా వేయించేదానికని చెప్పినా.