పాత తలుపులకి నీళ్ల పెయింట్ నిలబడతాదా?

మూలపేట కోడలు:
నెల్లూరులో మాది మామగారు కట్టించిన ఇల్లు. టేకు తలుపులకీ ద్వారబంధాలకీ ఆయన హయాములో వేసిన ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ పొర మీద పొర ఉండాది. నాకు తెల్ల రంగు కావాల, అదీ నీళ్లలో కలిపేది. మేస్త్రీ ఏమో "రొంత రుద్ది పైన కొట్టేస్తాం మేడం" అంటన్నాడు. నిలబడతాదా? ఇప్పుడే ఒక తలుపు నేలకి రాసుకుంటా ఉండాది.

ఒంగోలు వాసి:
తెలుపైతే నీళ్లదే మేలండీ. తెల్ల ఆయిల్ రంగు వెలుతురు లేని గదిలో పసుపు తిరిగిపోద్ది. మా స్టోర్ రూమ్ తలుపు అట్టాగే అయింది.

కావలి పాత బ్రష్:
రొంత రుద్దడమంటే ఏ గరుకు పేపర్‌తోనో అడగమ్మా. అంతకు ముందు వాషింగ్ సోడా నీళ్లతో కడిగించు. గొళ్లెం చుట్టూ చేతి జిడ్డు ఉంటాది, కడక్కుండా రుద్దితే అది ఇంకా లోపలికి పోతాది. ఆనక 120 నంబరు, ఆపైన ఇంకా సన్నటి 220 నంబరు వాటర్ పేపర్, తడిపి, మెరుపు చచ్చేదాకా. పొడిగా మాత్రం రుద్దనీబాక. ఇళ్ల పెయింట్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లకి 90 పాళ్లు, దాటకూడదనే రూలు 2017 నవంబరులో గానీ రాలా, మీ ఆకుపచ్చ అంతకు ముందుది. ఆ దుమ్ము పిల్లకాయలుండే ఇంట్లో లేవకూడదు.

చెక్క బయటపడిన చోట ముందు ప్రైమర్, తర్వాతే గుంటలు పూడ్చే లప్పం. వట్టి చెక్క లప్పంలోని నూనె తాగేస్తాది, ఎండినాక అది పెచ్చులు లేస్తాది. మళ్లా ప్రైమర్, ఆపైన రంగు రెండు చేతులు. గడప జోలికి పోబాక, పసుపు రాసే చోట తెలుపు ఏం బతుకుద్ది!

అసలు సంగతి అడుగు అంచు. కనపడదని దానికి ఎవరూ రంగు వెయ్యరు. తేమ తాగేది ఆడనించే, మీ తలుపు రాసుకునేదీ అందుకే అయ్యుండొచ్చు. బందులు విప్పి దించి, పైనా కిందా కూడా వేయించు. మనకి అక్టోబరు నించి డిసెంబరు దాకా వానలు, అప్పుడు చిత్రిక పట్టించినావా, ఎండాకాలానికి కింద సందు తేలతాది. ఫిబ్రవరి దాటినాక పెట్టుకో.

మూలపేట కోడలు:
తలుపులు దించితే రాత్రిళ్లు ఎట్టన్నా?

కావలి పాత బ్రష్:
వీధి తలుపు పొద్దున్నే దించి సాయంత్రానికి ఎక్కించమను. లోపలివి రెండేసి దించితే చాలు. ఎక్కించినాక వారం పాటు గట్టిగా మూయబాక. పైకి ఆరినట్టే ఉంటాది గానీ ద్వారబంధానికి అతుక్కుని పొర ఊడొస్తాది.