వాచ్ నైట్ ఆరాధన తర్వాత పాటలు, డప్పు: ఆనందమా, ఏమరుపాటా?

చిత్తూరు యువజన సభ్యుడు:
అందరికీ వందనాలు. డిసెంబరు 31 రాత్రి మెలకువగా ఉండి చేసే వాచ్ నైట్ ఆరాధన ముగిశాక మేము మందిరం ఆవరణలో డప్పు కొట్టి తెల్లవారేదాకా పాడతాం. ఈసారి పెద్దలు వద్దంటున్నారు. మెలకువగా ఉండాల్సిన రాత్రి ఈ కేరింతలేమిటని వాళ్ల ప్రశ్న. సంతోషంగా ఉండమన్నదీ దేవుని వాక్యమే కదా?

తిరుపతి సోదరుడు:
తమ్ముడూ, పెద్దల మాట తీసివేయవద్దు. మా తమ్ముడు తాగుడు మానిన రెండేళ్లకు, ఇలాంటి పండుగ రాత్రే, ప్రార్థన కాగానే స్నేహితులతో వెళ్లాడు. తెల్లవారేసరికి మళ్లీ మొదటికి వచ్చాడు. మెలకువగా ఉండండి, అపవాది గర్జించే సింహంలా తిరుగుతున్నాడని బైబిలులో పేతురు ఊరికే రాయలేదు. సంబరంలో ఉన్నవాడు తలుపు గడియ వేయడం మరచిపోతాడు.

పలమనేరు సోదరి:
అన్నా, చదివి మనసు కలుక్కుమంది. అయినా అడుగుతాను. అతను జారింది సంతోషించినందువల్లా, లేక మనమంతా ఇళ్లకు వెళ్లిపోతే తోడు లేనందువల్లా?

బైబిలులో పౌలు పత్రిక, 1 థెస్సలొనీకయులకు 5వ అధ్యాయం తీయండి. ఆరో వచనంలో మెలకువ, 16వ వచనంలో సంతోషం. ఒకటి పెద్దలకూ మరొకటి పిల్లలకూ రాసినది కాదు. మాది కౌండిన్య అడవి అంచు ఊరు. ఏనుగుల భయానికి మా నాన్న మంచె మీద రాత్రంతా పాడేవారు. పాట ఆగితే కునుకు పట్టిందేమోనని అమ్మకు కంగారు.

ఈ అభ్యంతరం పాతదే. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని కింగ్స్‌వుడ్‌లో, ఒకప్పుడు శనివారం రాత్రులు సారాయి దుకాణాల్లో గడిపినవారే, మారాక ఆ రాత్రులు ప్రార్థనలో, స్తుతిలో గడపసాగారు. ఆపించమని కొందరు మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీకి సలహా ఇచ్చారు. ఆదిమ క్రైస్తవుల జాగరణలతో పోల్చి చూసి, నిషేధించడానికి ఆయనకు కారణం కనబడలేదు. పైగా పున్నమికి దగ్గరి శుక్రవారం, రాకపోకలకు వెన్నెల ఉంటుందని, తానూ వారితో కూడాడు.

తిరుపతి సోదరుడు:
ఒప్పుకుంటాను అమ్మా. కానీ ఆ డప్పు మోతలో ఎవరు బయటికి జారుకున్నారో చూసేదెవరు?

పలమనేరు సోదరి:
పెద్దలే. వద్దని చెప్పి ఇంటికి వెళ్లి పడుకుంటే కావలి ఎలా అవుతుంది? గేటు దగ్గర కుర్చీలు వేసుకుని తెల్లవారేదాకా కూర్చోవాలి.

చిత్తూరు యువజన సభ్యుడు:
ఈ మాట మా పెద్దలతో చెబుతాను. అన్నా, ఈసారి మీ తమ్ముడిని మా దగ్గరికి పంపండి. డప్పు కొట్టడం వచ్చా?

తిరుపతి సోదరుడు:
వచ్చు. చిన్నప్పుడు మా వీధిలో వాడే కొట్టేవాడు. ఈ రాత్రే అడుగుతాను.