రోమన్ చక్రవర్తి బొమ్మతో కొత్త వెండి నాణెం: కొనాలా, వద్దా?

మూసీతీరం: పసిఫిక్‌లోని నియూ దీవి పేరుతో వచ్చే సేకరణ నాణేల్లో ఒకటి చూశాను. రోమన్ చక్రవర్తి బొమ్మ, రెండు ఔన్సులు, అంటే 62 గ్రాముల పైన, 999 వెండి (వెయ్యిలో 999 వంతులు స్వచ్ఛమైనది). ధర వెండి రేటు కంటే బాగా ఎక్కువ. మా తమ్ముడు అది నాణెమే కాదంటున్నాడు. మీరేమంటారు?

పానగల్లు: మీ తమ్ముడి మాటే నా మాట అన్నా. దాని మీద డాలర్ల విలువ ఉంటుంది గానీ ఆ విలువకు దాన్ని ఎవరూ ఖర్చు పెట్టరు. పాతదిలా కనబడాలని గంధకం మందుతో నల్లబరిచి, ఎత్తుగా ఉన్నచోట రుద్ది మెరిపిస్తారు. మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల అసలు వెండి దీనారాలే దొరికాయి. సరుకు కొనడానికి సముద్రం దాటి వచ్చిన డబ్బు అది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ స్థలంలో ఒక్క కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడినట్టు 2024లో ప్రకటించారు. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు, అంటే కొసల్లో నాలుగు వృత్తాలున్న కూడిక గుర్తు. సీసానికి విలువెంత? అయినా సంతల్లో చెల్లాయి. నాణెం అంటే అదీ.

పాలమూరు లెక్చరర్: సంతలో చెల్లాలంటే మన ప్రభుత్వ నాణేలూ లెక్కలోకి రావు. బృహదీశ్వరాలయం వెయ్యేళ్లకు తెచ్చిన 1000 రూపాయల నాణెం 35 గ్రాములు, 80 శాతం వెండి. దాంతో బియ్యం ఎవరు కొన్నారు? అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. పాతవే కావాలనే మోజు పెరిగితే నష్టపోయేది పాత ఊళ్లు పూడిపోయిన మన దిబ్బలే. పొలంలో నిధి దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి. కొనేవాళ్లు ఇంటికే వస్తుంటే ఎవరు చెబుతారు? రాత్రిళ్లు మెటల్ డిటెక్టర్లు పట్టుకుని తవ్వేస్తారు. కుండ ఏ పొరలో ఉంది, పక్కన ఏముంది అన్నది చెదిరాక ఆ నాణెం చరిత్రకు సగం కూడా పనికిరాదు. కొత్త వెండి నాణెంతో ఆ గొడవ లేదు.

దేవరకొండ వెండి: పెట్టుబడి అనుకుంటే మాత్రం వద్దు. తిరిగి అమ్మబోతే చాలా షాపుల్లో తూకం వేసి వెండి రేటే కడతారు. నచ్చితేనే కొనండి, బిల్లు జాగ్రత్త.

పానగల్లు: అసలువి మ్యూజియంలోనే ఉండాలి సార్, వాటిని కొనమని నేననలేదు. నా బాధ వేరు. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తాను ఓడించిన క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేల మీదే తన ముద్ర కొట్టించాడు. మహారాష్ట్రలోని జోగల్తంబిలో అలాంటివి వేలల్లో దొరికాయి. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు గుర్తు! ఇంత చరిత్ర మనకుండగా రోము రాజు కోసం అంత డబ్బు ఎందుకు పోయాలి? చర్లపల్లిలో ప్రభుత్వ టంకశాల ఉంది. ఫణిగిరి ఏనుగును వెండి మీద ముద్రించమని మనమే అడగాలి. వస్తే ముందు డబ్బు కట్టేది నేనే.