ప్లానెట్‌మ్యాథ్‌లో వ్యాసానికో ఓనర్ ఎందుకు?

శేషం_సున్నా:
ప్లానెట్‌మ్యాథ్ (నెట్‌లోని గణిత విజ్ఞాన సర్వస్వం) పాత వ్యాసాల్లో ప్రతిదానికీ ఒక ఓనర్ పేరుంటుంది. వికీపీడియాలో ఎవరైనా దిద్దొచ్చు కదా, ఇక్కడ ఈ సొంతదారు పద్ధతేంటి? మ్యాథ్‌వరల్డ్ అనే ఇంకో గణిత సైటు మీద పడ్డ కేసు వల్లే ఈ సైటు పుట్టిందంటారు, నిజమేనా?

అనంతశ్రేణి:
నిజమేనండి. ఎరిక్ వైస్‌స్టీన్ 1990ల్లోనే తన గణిత నోట్సు నెట్‌లో పెట్టారు. ఆ సరుకునే 1998లో సీఆర్‌సీ ప్రెస్ పుస్తకంగా వేసింది. ఏడాది తిరిగేసరికి సైటు వుల్‌ఫ్రమ్ రీసెర్చ్ కిందికి వెళ్లి మ్యాథ్‌వరల్డ్ అయింది. హక్కులు తమవంటూ సీఆర్‌సీ కోర్టుకెక్కింది. 2000 అక్టోబర్ 23న కోర్టు ఉత్తర్వుతో సైటు మూతపడింది, రాజీ కుదిరి మళ్లీ తెరుచుకునేసరికి 2001 నవంబర్ 6. ఆ ఖాళీలోనే నేథన్ ఎగ్గీ, ఆరన్ క్రోన్ ప్లానెట్‌మ్యాథ్ మొదలుపెట్టారు. అసలు కీలకం అప్పటి జీఎఫ్‌డీఎల్ లైసెన్సు (ఎవరైనా కాపీ చేసి పంచుకోనిచ్చేది): ఒకచోట మూయించినా ఇంకోచోట అదే సరుకు పెట్టుకోవచ్చు.

లేటెక్స్_గుమస్తా:
ఓనర్ అంటే అక్కడ హక్కుదారు కాదు, పూచీదారు. అప్పట్లో సైటును నడిపిన, క్రోన్ పెర్ల్ భాషలో రాసిన నూస్పియర్ సాఫ్ట్‌వేర్‌లో, తప్పు కనబడితే మామూలుగా వ్యాసాన్ని ముట్టుకునేవారు కాదు, "కరెక్షన్" (దిద్దమని నోటు) పెట్టేవారు. ఓనర్ దిద్దాల్సి వచ్చేది, లేదా ఎందుకు దిద్దనో చెప్పాల్సి వచ్చేది. వారాల తరబడి ఉలుకూ పలుకూ లేకపోతే వ్యాసం అనాథ అయ్యేది. ఇంకెవరైనా దత్తత తీసుకునే వీలుండేది. (కావాలంటే ఓనరే దిద్దే వీలు అందరికీ ఇచ్చేయొచ్చు, అదీ ఉండేది.)

గణితానికి ఇది నప్పుతుంది. వలయం (రింగ్: కూడిక, గుణకారం ఉన్న బీజగణిత నిర్మాణం) నిర్వచనంలోంచి "1 ఉండాలి" అన్న ముక్కను ఎవరో మంచి ఉద్దేశంతోనే తీసేశారనుకోండి. ఆ పేజీలో అంతా బాగానే ఉంటుంది. కానీ "శూన్యం కాని ప్రతి వలయానికీ మాక్సిమల్ ఐడియల్ (దానిలో ఒక ప్రత్యేక తరహా ఉపసమితి) ఉంటుంది" అని ఇంకో పేజీలో ఉన్న సిద్ధాంతం అక్కడికక్కడే కూలిపోతుంది. చిక్కల్లా ఓనర్ మాయమైనప్పుడే: దత్తత జరిగేదాకా తప్పు అలాగే ఉండేది.

శేషం_సున్నా:
మరి ఆ వ్యాసాల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి లింకులు ఎవరు పెట్టేవారు? సోర్స్‌లో (వ్యాసం మూలరాతలో) కనబడవేం?

అనంతశ్రేణి:
ఎవరూ పెట్టేవారు కాదు. రాసేది లేటెక్‌లో (గణితం టైపు చేసే భాష), నిర్వచనమున్న మాట ఎక్కడ తగిలినా సిస్టమే లింకు వేసేది. దాంతో వచ్చిన తంటా "ఈవెన్". ఇంగ్లీషులో అది సరిసంఖ్యా, "కనీసం", "కూడా" లాంటి మామూలు మాటా. టోపాలజీ వ్యాసంలో మామూలుగా వాడినా సరిసంఖ్యకు లింకు పడేది. అందుకే ఆ మాటకు లింకులు ఆపేసి, ఎంఎస్‌సీలో (గణిత విషయాలకు అంకెలిచ్చే వర్గీకరణ) 11, అంటే సంఖ్యా సిద్ధాంతం కింద ఉన్న వ్యాసాల నుంచే లింకు పడేలా నియమం రాసే వీలు కల్పించారు. "గ్రాఫ్" ఇంకో రకం: రెండర్థాలూ (ప్రమేయం గీతపటం, బిందువులూ వాటిని కలిపే అంచులూ ఉన్న నిర్మాణం) గణితానివే. అక్కడ ఆపడం కుదరదు, వ్యాసం వర్గానికి దగ్గరున్న నిర్వచనాన్నే సిస్టమ్ ఎంచుకోవాల్సి వచ్చేది. వ్యాసానికి ఎంఎస్‌సీ అంకె తప్పు వేస్తే ఇలాంటి లింకులు దారి తప్పేది అందుకే.