2^136279841 − 1: గోడపత్రిక మీద "నిరూపించారు" అనొచ్చా?

నాగావళి గట్టు:
డిసెంబరు 22 గణిత దినోత్సవానికి విజయనగరంలో పెట్టబోయే గోడపత్రికలో వాక్యం ఇది: "4,10,24,320 అంకెలున్న 2^136279841 − 1 ప్రధాన సంఖ్యేనని 2024 అక్టోబరులో ఫెర్మా పరీక్షతో నిరూపించారు." తప్పండీ. ఫెర్మా పరీక్ష నిరూపణ కాదు. అందులో 3 లాంటి ఓ సంఖ్యను, పరీక్షించే సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, పరీక్షించే సంఖ్యతో భాగిస్తారు; శేషం 1 వస్తే పాస్. 91 తీసుకోండి. 3^6 = 729, అంటే 91×8 కంటే ఒకటి ఎక్కువ. 90ని 6 నిశ్శేషంగా భాగిస్తుంది, కాబట్టి 3^90ని 91తో భాగిస్తే శేషం 1. పాసైపోయింది. 91 మాత్రం 7×13.

బొబ్బిలి కోట:
91 చిన్నది మేస్టారూ. ఇన్ని కోట్ల అంకెలున్నది అలా పాసైపోద్దేటి?

నాగావళి గట్టు:
పెద్దదైనంత మాత్రాన ఆగదు. 3 బదులు 2 పెట్టి చూడండి, ఘాతాంకం ప్రధాన సంఖ్య అయిన ప్రతి మెర్సెన్ సంఖ్యా (2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది) పాసవుతుంది. 2^11 − 1 = 2047 కూడా. అది 23×89.

రాజాం రోడ్డు:
చివరి అంకె 1 అని కూడా వెయ్యండి. ఘాతాంకాన్ని 4తో భాగిస్తే 1 మిగుల్తుంది, 2 ఘాతం 2తో ముగుస్తుంది, ఒకటి తీసేస్తే 1. పిల్లలు చేసుకోగలరు.

బొబ్బిలి కోట:
అక్టోబరు 11న డబ్లిన్‌లో ల్యూక్ డ్యూరంట్ నడిపిన ఎన్విడియా ఏ100 గ్రాఫిక్స్ కార్డు దీన్ని పట్టింది ఫెర్మా పరీక్షతోనే. లూకాస్-లేమర్ అనే ఇంకో పరీక్ష నడిపింది మర్నాడు, శాన్ ఆంటోనియోలో. ముందు పట్టినదాని పేరు తీసేస్తారా?

నాగావళి గట్టు:
పట్టడం వేరు, తేల్చడం వేరు. లూకాస్-లేమర్‌లో 4తో మొదలెట్టి, వర్గం చేసి 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు. చివర సున్నా వస్తేనే ప్రధాన సంఖ్య. 31కి, అంటే 2^5 − 1కి, మూడుసార్లు: 14, తర్వాత 194 నుంచి శేషం 8, తర్వాత 62 నుంచి 0. అయిపోయింది.

బొబ్బిలి కోట:
మూడుసార్లు పలక మీద చేస్తారు. 13,62,79,839 సార్లు చేసింది యంత్రం! ఆ వర్గాలు, పెద్ద సంఖ్యల్ని వేగంగా గుణించే ఫూరియే పద్ధతిలో, దశాంశాలతో చేస్తారు. ఒక్కచోట దశాంశాన్ని దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరించడం తప్పినా, మెమరీలో ఒక్క బిట్ తిరగబడినా చివర సున్నా రాదు, అసలైన ప్రధాన సంఖ్యను చెత్తలో పారేస్తాం. ఫెర్మా వైపు 2017 నుంచి గెర్బిజ్ తనిఖీ ఉంది. తప్పు పట్టుకుని, సరిగా ఉన్న చోటికి వెనక్కెళ్లి మళ్లీ నడుపుతుంది. లూకాస్-లేమర్‌కి అంత గట్టి తనిఖీ ఏదీ? దాన్నే నిరూపణ అంటారేటి?

నాగావళి గట్టు:
మీరడిగేది లెక్క సరిగ్గా జరిగిందా అని. నేనడిగేది, సరిగ్గా జరిగిన లెక్క ఏం చెబుతుందని. గెర్బిజ్ తనిఖీ 91ని ఆపలేదు. అక్కడ శేషం 1 రావడం నిజమే, తప్పేం లేదు పట్టడానికి. ఇటు దొంగ సున్నా సంగతి చూడండి. మధ్యలో పొరపాటున సున్నా పడితే తర్వాత −2, ఆపైన 2, ఇక ఎప్పటికీ 2యే. చివరికి సున్నాగా చేరదు.

బొబ్బిలి కోట:
ఆఖరి మెట్టులోనే పడితే?

నాగావళి గట్టు:
అందుకే వేర్వేరు ప్రోగ్రాములతో, వేర్వేరు యంత్రాల మీద మళ్లీ నడిపారు.

చీపురుపల్లి:
"ఫెర్మా పరీక్షతో పట్టారు, లూకాస్-లేమర్‌తో నిరూపించారు" అంటే సరిపోదా?

బొబ్బిలి కోట:
"వేర్వేరు యంత్రాల మీద సరిచూశారు" అని పక్కనే ఉండాలి. అది లేకుండా నేనొప్పుకోను.