పాలపండ్ల గుర్రప్పిల్లకు జీను కట్టొచ్చా?

చెల్క_తమ్మి:
జడ్చర్ల దాటినంక మా చెల్కకు ఆనుకొని ఒక గుర్రాల ఫారం ఉంది. మొన్న పొద్దున మోటర్ పెట్టనీకి పోతే ఒకామె చిన్న గుర్రం వీపు మీద బియ్యం బస్తా లెక్క అడ్డం పడుకొని ఉంది. కాళ్లు ఒక దిక్కు, తల ఇంకో దిక్కు. ఇద్దరు సైసులు, అంటే గుర్రాలను చూసుకునేటోళ్లు, దాన్ని మెల్లగ నడిపిస్తున్నరు. అడిగితే, పందొమ్మిది నెలల పిల్ల, వచ్చే ఏడాది మలక్‌పేట రేసులకు పోతదన్నరు. ఇంటికొచ్చి చెప్తే మా తాత కోపం చేసిండు. రెండు పండ్లు వెయ్యని కోడెకు మనం కాడి కట్టం, పాలపండ్ల పిల్లకు జీను కడతరా అని. నాకూ తాత మాటే కరెక్టనిపిస్తుంది. మీరేమంటరు?

నల్లరేగడి:
దీంట్ల చర్చేముంది? పందెమంటేనే జూదం. గుర్రం రెండేళ్లదైతేంది, ఆరేళ్లదైతేంది, కొట్టి ఉరికిచ్చుడే గదా. బంద్ పెట్టాలె.

మలక్‌పేట_పాతకాపు:
గుర్రప్పందెం నైపుణ్యం ఆటేనని సుప్రీంకోర్టు 1996లనే చెప్పింది. ఆ పంచాయితీ వేరే చర్చల పెట్టుకోండి, ఇక్కడ అడిగింది వయసు గురించి. ఇంకోటి, పాలమూరుకు గుర్రాలు కొత్త అన్నట్టు మాట్లాడకుండ్రి. 1886ల పందేలను మలక్‌పేటకు తెచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరే గదా మన జిల్లాకు పెట్టింది.

ఉలవల_మూట:
ఆ బియ్యం బస్తాను నేనే, తమ్మి. పదహారేళ్లయింది ఈ పనిల. దీన్ని బ్రేకింగ్ అంటరు. నాకు ఆ మాట నచ్చదు, ఇరగ్గొట్టేదేం లేదిక్కడ. మాలిమి చేసుడు అంటే సరిపోతది.

నువ్వు చూసింది ముప్పయ్యో రోజు. మొదటి వారం చేత్తోని తడుముడే. ఎడమ దిక్కు ఎంతసేపు నిలబడితే కుడి దిక్కు అంతసేపు. గుర్రానికి కండ్లు పక్కలకుంటయ్, ఒక దిక్కు చూసి అలవాటైంది ఇంకో దిక్కు మళ్ల కొత్తగనే ఉంటది. తర్వాత కళ్లెం. పిల్లలకు పెట్టేది వేరే ఉంటది. నడిమిట్ల మూడు చిన్న ఇనుప బిళ్లలు తాళపుచెవుల లెక్క వేలాడుతయ్. నాలుకతోని వాటిని ఆడిచ్చుకుంట నిలబడ్తది, నురగ కారుతది. నురగొచ్చిందంటే దవడ వదులైనట్టు. నోరు ఎండిపోయి ఇనుము కొరుకుతుంటే ఆ రోజు పని బంద్. తర్వాత వీపుకు పట్టీ. కడుపు కింద బిగిస్తే ఎగరని పిల్లను నేను చూడలే. ఒక్కసారే బిగించొద్దు, రోజుకొక బెజ్జం. ఆ తర్వాత రెండు పొడుగు పగ్గాలు పట్టుకొని దాని వెనక నడుస్త, నాగలి వెంట నడిచినట్టే. మీ తాతకు ఇది చెప్పు. పదిహేను రోజులు అట్ల నడిచినంకనే వీపెక్కుడు. నేను 49 కిలోలు, పిల్ల నాలుగొందల దగ్గరుంటది. నాగలి గుంజే కోడె మీద పడే బరువు వేరే, ఇది వేరే. ఎక్కినా ఇరవై నిమిషాల నడకనే. రెండు నెలలైనంక మళ్ల పచ్చికలకు ఇడిచిపెడతం.

దేవరకొండ_పశువైద్యుడు:
గుర్రానికి ముందుకాలి మోకాలి పైనున్న ఎముక చివర పెరుగుదల ఆగేది దాదాపు రెండు, రెండున్నర ఏళ్లకు. వెన్నుపూసలకైతే అయిదేళ్లు దాటుతుంది. అన్నీ గట్టిపడేదాకా ఆగుదామంటే ఎవరూ గుర్రమెక్కరు. పైగా ఎముక తన మీద పడే పనిని బట్టే బలపడుతుంది. కొట్టంలో కట్టేసి పెంచి, మూడేళ్లకు ఒక్కసారిగా ఉరికిస్తే ముందు దెబ్బతినేది ఆ ఎముకే. చిన్నప్పుడు కొంచెం కొంచెం పని పడటమే మేలు.

అయితే ఒక మెలిక ఉంది. మన దేశంలో రేసు గుర్రాలన్నిటికీ లెక్క ప్రకారం పుట్టినరోజు జనవరి 1. జనవరిలో పుట్టినదీ, ఏప్రిల్ చివర పుట్టినదీ కాగితం మీద ఒకే వయసు. కాలెండరు చూసి పని చేయిస్తే నష్టపోయేది ఏప్రిల్ పిల్ల. ఇక పళ్ల సంగతి. గుర్రానికి కూడా మొదటి జత పాలపళ్లు ఊడేది రెండున్నరేళ్లప్పుడే. తాతగారి కొలతను కొట్టిపారేయకండి.

చెల్క_తమ్మి:
అక్కా, నీ పని నువ్వు మెల్లగనే చేస్తవ్, ఒప్పుకుంట. నీ చేతి నుంచి పోయినంక రెండేళ్లకే ఉరికిస్తరని నీకు తెల్వదా? తెలిసే అప్పజెప్తున్నవ్ గదా.

ఉలవల_మూట:
తెలుసు.

అయిదేళ్ల కింద మే నెలల పుట్టిన ఒక ఎర్ర ఆడగుర్రం వచ్చింది. ముందరికాళ్లు సన్నం. ఇంకో మూడు నెలలు పచ్చికల ఉండనియ్యమన్న. సీజన్ మొదలైతదన్నడు ఓనరు. నేను రెండోసారి అనలే. ఆ ఏడు ఫారంల గుర్రాలు తక్కువ, నా జీతం గురించి ఆలోచించిన. ఎండాకాలం మన ఎర్ర చెల్క ఎంత దున్ని తడిపినా రాయి లెక్కనే అయితది. దాని మీదనే దౌడు తీయించిన. మూడో వారం పొద్దుగాల మోకాలి కింద ఎముక ముందు దిక్కు చెయ్యి పెడితే వేడి. నొక్కితే కాలు గుంజుకుంది. నాలుగు నెలలు కొట్టంలనే. తర్వాత ఉరికింది గానీ, గట్టి నేల కనవడితే అడుగు అనుమానంగ వేసేది. ఆ అనుమానం నేను నేర్పిందే.

ఇప్పుడు ఏప్రిల్ తర్వాత పుట్టినదైతే ఎన్ని నెలలు ఆగాల్నో ముందే కాయిదం మీద రాయించుకుంట. ఇద్దరు ఓనర్లు నన్ను ఇడిచిపోయిన్రు.

మలక్‌పేట_పాతకాపు:
ఇంగ్లండ్ డెర్బీ మూడేళ్ల గుర్రాలకు జూన్‌ల. మన ఇండియన్ డెర్బీ నాలుగేళ్లవాటికి, ఫిబ్రవరిల, 2400 మీటర్లు. పెద్ద పందేనికి మన దగ్గర ఎనిమిది నెలలు ఎక్కువే టైముంది. తొందర ఓనరుది. దాణా, సైసు జీతం, లాడాలు నెలనెలా కట్టాలె, గుర్రం పైసలు తెచ్చేది మాత్రం ఉరికినంకనే.

పాత_సైసు:
గెలిచిన ఫొటోల జాకీ ఉంటడు, ట్రైనర్ ఉంటడు, ఓనరు చుట్టాలు పదిమంది ఉంటరు. కళ్లెం పెట్టినామె ఎన్నడూ కనవడలే. ఇది వేరే ముచ్చటనే, అయినా చెప్పాలనిపించింది.

నల్లరేగడి:
నేనింకా బంద్ పెట్టాలెననే అంటున్న. ఆ మూడు బిళ్లల కళ్లెం ముచ్చట మాత్రం మంచిగుంది.

చెల్క_తమ్మి (నాలుగు రోజుల తర్వాత):
అక్క పిలిస్తే తాతను తీస్కపోయిన, పొద్దుగాల అయిదున్నరకు. ఆమె పొడుగు పగ్గాలు పట్టుకొని వెనక నడుస్తుంటే, తాత కంచె ఇవతల ఆమెతోని సమంగ అడుగులేసుకుంట పోయిండు, తనకు తెల్వకుంటనే. అయిపోయినంక పిల్ల పెదవి ఎత్తి చూపియ్యమన్నడు. ఎత్తింది.

“పాలపండ్లే” అన్నడు తాత.

“అవు తాతా, పాలపండ్లే” అన్నది అక్క.

ఇద్దరూ ఇంకేం మాట్లాడలే. ఇంటికొచ్చినంక, అది ఏ నెలల పుట్టిందట అని అడిగిండు. ఫిబ్రవరి అన్న. “ఊ” అన్నడు.